రెడ్ ఫిల్టర్ పెడితే ఫోటో మసకబారుతోందా? ముందు ఫిల్టర్ విప్పి చూడండి

నలుపు తెలుపు మాత్రమే తీసే కెమెరాల్లో, అది లైకా మోనోక్రోమ్ అయినా, పెంటాక్స్ కె-3 మార్క్ 3 మోనోక్రోమ్ అయినా, ఏ తేడా కనిపించినా మొదటి పరీక్ష ఒక్కటే. లెన్స్ ముందున్న ఫిల్టర్లన్నీ విప్పేసి అదే వెలుతురులో, అదే ఎపర్చర్‌తో (లెన్స్ తెరుచుకునే రంధ్రం) ఇంకో ఫోటో తియ్యండి. రెండూ పక్కపక్కన పెట్టి వంద శాతం జూమ్‌లో చూడండి. నిమిషం పట్టదు. ఈ నిమిషం పెట్టకుండానే లెన్స్ పోయిందని కొందరు, సెన్సార్ కదిలిపోయిందని కొందరు సర్వీసుకి పరిగెడుతున్నారు. దయచేసి ఆ పని చెయ్యకండి.

తెల్లబట్టలో నేత కనిపించడం లేదు

పొందూరు ఖద్దరు కట్టుకున్న మనిషిని ఎండలో తీస్తే పంచె మీద ఒక్క పోగు కూడా కనిపించదు, తెల్లకాగితం అతికించినట్టుంటుంది. కారణం ఎక్స్‌పోజరే, అంటే సెన్సార్ మీద పడిన వెలుతురు ఎక్కువైంది. కలర్ కెమెరాలో సెన్సార్ మీదున్న రంగుల జల్లెడ వల్ల ఎరుపు, ఆకుపచ్చ, నీలం వేరువేరుగా నమోదవుతాయి. వాటిలో ఒకటి నిండిపోయినా మిగతా రెండింటి నుంచి రా ఫైల్లో (కెమెరా మార్చకుండా దాచే ముడి ఫైల్) కొంత తిరిగి రాబట్టుకోవచ్చు. మోనోక్రోమ్ సెన్సార్ మీద రంగుల జల్లెడే లేదు. పిక్సెల్ నిండితే అక్కడ సమాచారం మొత్తం పోయినట్టే, ఏ సాఫ్ట్‌వేరూ తేలేదు.

ఎండలో తెల్లబట్ట ఉంటే ఎక్స్‌పోజర్ కాంపెన్సేషన్ మైనస్ 2/3 నుంచి మైనస్ 1 వరకు తగ్గించండి. ముఖం చీకటిగా కనిపించినా భయపడొద్దు. జల్లెడ లేనందువల్ల ఈ సెన్సార్‌కి వెలుతురు ఎక్కువ అందుతుంది, నీడలు రెండు మూడు స్టాపులు (ఒక స్టాపు అంటే వెలుతురు రెట్టింపు లేదా సగం) లేపినా శుభ్రంగానే వస్తాయి. బేస్ ఐఎస్ఓ (సెన్సార్ సున్నితత్వపు కనీస అంకె) కూడా ఎక్కువే. మామూలు కె-3 మార్క్ 3కి 100 అయితే, మోనోక్రోమ్‌కి 200. పాత కలర్ కెమెరా లెక్కలు వేసుకుని తీస్తే ఇక్కడే ఒక స్టాపు ఎక్కువైపోతుంది.

ఫిల్టర్ లేకపోతే షార్ప్, ఫిల్టర్ పెడితే మసక

అందరినీ తప్పుదారి పట్టించేది ఇదే. లక్షణం జాగ్రత్తగా గమనించండి. ఫోటో అంతా మసకగా ఉండదు. కంటి మీద ఫోకస్ చేస్తే చెవి దగ్గర, లేదా ఇంకా వెనకున్న గోడ మీద షార్ప్‌గా ఉంటుంది. చెయ్యి వణికితే అన్నీ ఒకే దిక్కుకి సాగినట్టుంటాయి. ఇక్కడ అలా ఉండదు, షార్ప్‌గా ఉన్న చోటు వెనక్కి జరిగి ఉంటుంది.

లెన్స్ అన్ని రంగుల వెలుతురునీ సరిగ్గా ఒకేచోట చేర్చలేదు. తయారీదారులు మధ్యలో ఉన్న రంగులను దగ్గరకు తెస్తారు కానీ, ముదురు ఎరుపు మాత్రం సెన్సార్‌కి కొంచెం వెనక కలుస్తుంది. ఫిల్టర్ లేనప్పుడు మిగతా రంగుల బలం ముందు ఆ తేడా తెలియదు. రెడ్ ఫిల్టర్ పెట్టాక సెన్సార్‌కి మిగిలేది ఎరుపొక్కటే. లైకా ఎమ్ కెమెరాల్లో ఉండే రేంజ్‌ఫైండర్‌లో (కిటికీలో రెండు బొమ్మలు కలిపి ఫోకస్ చేసే పద్ధతి) చూసే కిటికీ వేరు, లెన్స్ వేరు. కిటికీకి ఫిల్టర్ సంగతే తెలియదు, అందులో రెండు బొమ్మలూ చక్కగా కలిసినట్టే కనిపిస్తాయి. పెంటాక్స్ వ్యూఫైండర్ ఆటోఫోకస్‌కి ఫిల్టర్ దాటిన వెలుతురే అందినా, దాని లెక్క మామూలు వెలుతురుకి సరిచేసినది కాబట్టి అదీ కొంత జారవచ్చు.

రెండో మెలిక ఎపర్చర్. రెడ్ ఫిల్టర్ మూడు స్టాపుల వెలుతురు తినేస్తుంది. పొందూరులో మగ్గం ఉన్న గదిలో ఫిల్టర్ లేకుండా ఎఫ్/5.6 దగ్గర తీస్తున్నారనుకుందాం (ఎఫ్ అంకె చిన్నదైతే ఎపర్చర్ పెద్దది). అదే షట్టర్, అదే ఐఎస్ఓ ఉంచి రెడ్ ఫిల్టర్ పెడితే ఎఫ్/2కి తెరవాలి. ఎఫ్/5.6 దగ్గర షార్ప్‌గా కనిపించే లోతు ఆ తేడాని దాచేస్తుంది, ఎఫ్/2 దగ్గర బయటపడిపోతుంది. అందుకే కళింగపట్నం ఎండలో ఎఫ్/8 దగ్గర బ్రహ్మాండంగా పనిచేసిన లెన్స్, నాలుగు గోడల మధ్యకి రాగానే చెడిపోయినట్టు అనిపిస్తుంది. లెన్స్ చెడలేదు.

అనుమానం తీర్చుకోవడానికి పరీక్ష:

1. దినపత్రిక ఒకటి అట్ట మీద అతికించి, కెమెరాకి సుమారు 45 డిగ్రీలు వాల్చి, మీటరు దూరంలో పెట్టండి. మధ్యలో ఒక అక్షర వరుస కింద పెన్నుతో గీత గియ్యండి.
2. కెమెరా ట్రైపాడ్ మీద, ఎపర్చర్ పూర్తిగా తెరిచి, రెండు సెకన్ల టైమర్. మీరు మామూలుగా ఎలా ఫోకస్ చేస్తారో అలాగే ఆ గీత మీద చేసి, ఫిల్టర్ లేకుండా మూడు ఫోటోలు తియ్యండి.
3. ఫోకస్ రింగ్ కదలకుండా టేప్ వెయ్యండి, ఆటోఫోకస్ అయితే మాన్యువల్‌కి మార్చండి. ఫిల్టర్ బిగిస్తుంటే రింగ్ కూడా తిరిగిపోతుంది. టేప్ లేని పరీక్షకి విలువ లేదు.
4. రెడ్ ఫిల్టర్ బిగించి షట్టర్ మూడు స్టాపులు తగ్గించండి. 1/250 ఉంటే 1/30. మళ్ళీ మూడు ఫోటోలు.

ఫిల్టర్ లేనప్పుడు గీత షార్ప్‌గా ఉండి, ఫిల్టర్‌తో దాని వెనక వరుసలు షార్ప్‌గా వస్తే కారణం దొరికినట్టే. రెండుసార్లూ గీత తప్పితే తప్పు ఫిల్టర్‌ది కాదు, రేంజ్‌ఫైండర్ లేదా ఆటోఫోకస్ సర్దుబాటుది. అప్పుడు సర్వీసుకి ఇవ్వండి. ఇంకో పరీక్ష కూడా చెయ్యండి. ఫిల్టర్ ఉండగా లైవ్ వ్యూలో (సెన్సార్ చూసేదాన్ని వెనక తెర మీద చూపేది) పెద్దది చేసి ఫోకస్ చేసినా ఎక్కడా షార్ప్ రాకపోతే, ఫిల్టర్ గాజే నాసిరకం. పారేసి మంచిది కొనుక్కోండి.

పరిష్కారాల్లో మొదటిది, మేలైనది, ఫిల్టర్ పెట్టాకే లైవ్ వ్యూలో జూమ్ చేసి ఫోకస్ చెయ్యడం. సెన్సార్ చూసేది ఎరుపు వెలుతురే కాబట్టి తప్పే అవకాశం లేదు. లైకా క్యూ మోనోక్రోమ్‌లు సెన్సార్ మీదే ఫోకస్ చేస్తాయి, వాటికి ఈ బాధే లేదు. లైవ్ వ్యూకి వీలులేని చోట ఐఎస్ఓ పెంచి ఎఫ్/5.6 లేదా ఎఫ్/8 దగ్గర తియ్యండి. ఈ కెమెరాల్లో 6400 దగ్గర నాయిస్ కూడా ఇంపుగానే ఉంటుంది, మసకబారిన కళ్ళకంటే వెయ్యిరెట్లు నయం. తప్పనిసరిగా ఎఫ్/2 కావాలంటే, రింగ్‌ని దగ్గర దూరం వైపు ఎంత తిప్పితే గీత షార్ప్ అవుతుందో పరీక్షలోనే చూసుకుని, సన్నని టేప్‌తో లెన్స్ మీద గుర్తు పెట్టుకోండి. పాత మాన్యువల్ లెన్సుల మీద ఇన్‌ఫ్రారెడ్ కోసం ఉండే ఎర్రచుక్కది కూడా ఈ దిక్కే, కానీ అంత దూరం తిప్పక్కర్లేదు. దూరాన ఉన్న లైట్‌హౌస్‌నైనా ఇన్ఫినిటీ చివర ఆపకుండా వెంట్రుకవాసి వెనక్కి తేవాలి.

మెనూలో ఆటోఫోకస్ ఫైన్ అడ్జస్ట్‌మెంట్ ఉంది కదా అని దాన్ని మార్చేస్తున్నారు. రెడ్ ఫిల్టర్ కోసం మారిస్తే ఫిల్టర్ లేని ఫోటోలన్నీ పాడవుతాయి. దాన్ని ముట్టుకోకండి.

రెడ్ ఫిల్టర్ పెట్టినా ఆకాశం నల్లబడటం లేదు

ఆకాశంలో ఈ ఫిల్టర్ నల్లబరిచేది నీలాన్నే. మన తీరంలో ఎండాకాలపు తేమకి ఆకాశం పాలరంగులో ఉంటుంది, అందులో ఆపడానికి నీలమే లేదు. వాన కడిగిన మర్నాడు తియ్యండి. తీరం తూర్పుముఖం కాబట్టి పొద్దున సముద్రం వైపు చూస్తే సూర్యుడు ఎదురుగా ఉంటాడు, ఆ పక్క ఆకాశం ఎలాగూ తెలుపే. మధ్యాహ్నం దాటాక సూర్యుడు మీ వీపు వెనక్కి వస్తాడు, అప్పుడు పని చేస్తుంది.

ఉద్దానం కొబ్బరితోటలకి రెడ్ పెట్టొద్దు, ఆకులు బొగ్గులా వస్తాయి. పసుపుపచ్చ కలిసిన ఆకుపచ్చ ఫిల్టర్ పెట్టండి. మనుషుల ముఖాలకి పసుపు చాలు. అది ఒక స్టాపే తింటుంది, పై ఫోకస్ గొడవ కూడా దానితో దాదాపు ఉండదు.

సాఫ్ట్‌వేర్‌లో స్లైడర్లు పనిచెయ్యడం లేదు

వైట్ బ్యాలెన్స్, బ్లాక్ అండ్ వైట్ మిక్స్ కదలకపోవడం లోపం కాదు, ఫైల్లో రంగే లేదు. రంగుల మధ్య తేడా ఫిల్టర్‌తో తీసేటప్పుడే తెచ్చుకోవాలి. షార్పెనింగ్ మాత్రం చూసుకోండి. లైట్‌రూమ్ రా ఫైళ్ళకి మామూలుగా 40 వేస్తుంది, ఈ ఫైళ్ళకి అది ఎక్కువ, వెంట్రుకలు తీగల్లా కనిపిస్తాయి. 15 నుంచి 20తో మొదలుపెట్టండి. ఆకాశంలో మెట్లు మెట్లుగా చారలొస్తే జేపెగ్ మీద పనిచేస్తున్నారన్నమాట. 16 బిట్ టిఫ్‌లో చేసి, చివర్లోనే జేపెగ్ తియ్యండి.

మిగతావి

ఒకేచోట నల్లచుక్క ప్రతి ఫోటోలో ఉంటే దుమ్ము. ఎఫ్/16 దగ్గర ఆకాశాన్ని తీస్తే తెలిసిపోతుంది, బ్లోయర్‌తో ఊదండి. సూదిమొనంత తెల్లచుక్క అయితే హాట్ పిక్సెల్, మెనూలో పిక్సెల్ మ్యాపింగ్ ఉంటే నడపండి. సిరిమానోత్సవం నాటి రాత్రి దీపాలకి నీడల్లాంటి ప్రతిబింబాలు వస్తే యూవీ ఫిల్టర్ మీద ఇంకో ఫిల్టర్ ఎక్కించారేమో చూడండి, ఒక్కటే ఉంచండి. బీచ్ నుంచి వచ్చాక ఫోటోలన్నీ పాలిపోతే లెన్స్ ముందువైపు గాజు మీద ఉప్పుపొర ఉంటుంది. పొడిబట్టతో రుద్దితే గీతలు పడతాయి, తడిబట్టతో ముందు కరిగించండి. 2012 నాటి తొలి లైకా మోనోక్రోమ్‌లో తుడిచినా పోని, చుట్టూ వలయంతో ఉండే మచ్చలు కనిపిస్తే అది సెన్సార్ మీది గాజుకి పట్టిన తుప్పు. అది ఇంట్లో బాగయ్యేది కాదు, సర్వీసు వాళ్ళని అడగండి.

ల్యాబ్ ప్రింట్ మీద ఆకుపచ్చ ఛాయ వస్తే కెమెరాని అనకండి. కలర్ పేపర్ మీద నలుపు తెలుపు వేసినప్పుడు అలా వస్తుంది. ఫైల్ ఎస్ఆర్‌జీబీలో (మామూలు రంగుల ప్రమాణం) ఇచ్చి, ఆటో కరెక్షన్ ఆపమని చెప్పి, మొదట చిన్న ప్రింట్ ఒకటి తీయించుకుని పగటి వెలుతురులో చూడండి.