లివ్‌కి దీర్ఘం లేదు: కొత్తగా అమెరికా వచ్చిన మన జిల్లాలవాళ్లకు

నల్గొండ, సూర్యాపేట, పాలమూరు వైపు నుంచి చదువుకో ఉద్యోగానికో కొత్తగా వచ్చిన తమ్ముళ్లకు, చెల్లెళ్లకు ఈ నాలుగు మాటలు. సిమ్ కార్డు గురించి, బ్యాంకు ఖాతా గురించి చెప్పేవాళ్లు మీకు చాలామంది దొరుకుతారు. ఇంగ్లీషులో హ్రస్వం, దీర్ఘం గురించి మాత్రం నాకు ఎవరూ చెప్పలేదు. అందుకే రాస్తున్నాను.

వచ్చిన మొదటి ఏడాది అపార్ట్‌మెంట్ ఆఫీసుకు ఫోన్ చేసి, మే నెల దాకా ఇక్కడే ఉంటామని చెప్పాను. ‘లివింగ్’ అనాల్సిన చోట నా నోటి నుంచి ‘లీవింగ్’ వచ్చింది. మేము ఖాళీ చేస్తున్నామని అవతలామె రాసుకుంది. వారానికి మెయిల్ వచ్చింది, ఇల్లు ఎప్పుడు అప్పగిస్తారని. అది సరిచేసుకునేదాకా మా ముగ్గురికీ నిద్ర లేదు. ఆమె విన్నదే రాసుకుంది. ఒక గుడిదీర్ఘం ఎక్కువైంది, అంతే.

మెడ వేరు, మేడ వేరు అని మనకు ఎవరూ చెప్పక్కర్లేదు. బడిలో సారు క, కా, కి, కీ అని గుణింతం వల్లె వేయించినప్పుడే చెవికి పట్టింది. ఇంగ్లీషులోనూ ఆ తేడా ఉంది, కానీ కాగితం మీద కనిపించదు. ఎల్, ఐ, వి, ఇ అనే నాలుగు అక్షరాలనే ‘నివసించు’ అనే అర్థంలో లివ్ అంటారు, ప్రత్యక్ష ప్రసారానికి లైవ్ అంటారు. కాబట్టి స్పెల్లింగును నమ్మకండి, చెవిని నమ్మండి.

ముందు షిప్-షీప్, ఫిల్-ఫీల్, సిట్-సీట్, ఫుల్-ఫూల్ పట్టుకోండి. దుకాణంలో బెడ్‌షీట్ అడిగేటప్పుడు, బీచ్‌కి పోదాం అనేటప్పుడు దీర్ఘాన్ని పూర్తిగా పలకండి. తగ్గితే బూతు అవుతుంది, పైలం. ఇంకో సంగతి, ‘షిప్’లోని అచ్చు మన ‘ఇ’ కాదు. అద్దం ముందు నిలబడి చూడండి. ‘షీప్’ అంటే పెదాలు పక్కలకు సాగుతాయి. ‘షిప్’ అన్నప్పుడు సాగకూడదు, నాలుక కాస్త కిందికి దిగి వదులుగా ఉండాలి. ఆ శబ్దం మన ఇ, ఎ రెండింటికీ మధ్యలో ఉంటుంది. నాకు ఇది పట్టుబడటానికి నెల పట్టింది.

పెప్పర్-పేపర్, టెస్ట్-టేస్ట్ మనకు సులువే, ఎ, ఏ రెండూ మన అక్షరాల్లో ఉన్నాయి కదా. కాకపోతే ఇంగ్లీషు ఏ చివర చిన్నగా ‘య్’ పలుకుతుంది. మనం ఎగ్‌ని ‘యెగ్’ అని, ఓన్లీని ‘వోన్లీ’ అని అంటాం. ఈ అలవాటు వల్ల చెవి, సంవత్సరం అనే రెండు ఇంగ్లీషు మాటలూ ఒకటే అయిపోతాయి. చెవి నొప్పని డాక్టరుకు చెప్పేటప్పుడు మొదట్లో ‘య’ రానివ్వకండి.

అంకెల దగ్గర ఇంకా జాగ్రత్త. కిరాయి 1,315 డాలర్లా, 1,350 డాలర్లా? ఫిఫ్టీన్‌లో ఊనిక, అంటే నొక్కి పలకడం, చివరి ‘టీన్’ మీద పడుతుంది, ఫిఫ్టీలో మొదటి ‘ఫిఫ్’ మీద. తెలుగులో ఇలాంటి ఊనికతో అర్థం మారదు కాబట్టి మన చెవి దాన్ని పట్టించుకోదు. అనుమానం వస్తే మొహమాటపడకుండా ‘వన్ ఫైవా, ఫైవ్ జీరోనా’ అని అడగండి. అలాగే ‘క్యాంట్’లో చివరి ‘ట్’ చాలాసార్లు వినిపించదు. మాట మధ్యలో ‘కన్’ అని తేలిగ్గా జారిపోతే వీలవుతుందని, ‘క్యాన్’ అని గట్టిగా నిలబడితే వీలుకాదని అర్థం.

ఆన్‌లైన్ డిక్షనరీలో అచ్చు పక్కన రెండు చుక్కలు కనిపిస్తే అది దీర్ఘం. అక్షరాల ముందు పైన చిన్న నిలువు గీత ఉంటే ఊనిక అక్కడ. తలకిందులైన ఇంగ్లీషు ‘ఇ’ అక్షరం (ə) కనిపిస్తే ఆ అచ్చును తేలిగ్గా పలకాలి. కొన్ని అమెరికన్ డిక్షనరీల్లో అచ్చు మీద అడ్డగీత ఉంటుంది, దాన్ని మన దీర్ఘం అనుకోవద్దు. ఐ మీద ఆ గీత ఉంటే పలకాల్సింది ‘ఈ’ కాదు, ‘ఐ’. పిల్లలున్నవాళ్లకు ఇది తప్పక ఎదురవుతుంది. స్కూల్లో టీచర్ ‘లాంగ్ ఐ’ అంటే కైట్, టైమ్ లాంటి మాటలు. సుమారు 1400-1700 మధ్య ఇంగ్లీషులో దీర్ఘాచ్చుల పలుకు మారిపోయింది. అంతకుముందు టైమ్‌ను ‘టీమ’ లాగా పలికేవారు. పలుకు మారినా ‘లాంగ్’ అనే పేరు మిగిలింది.

‘రెజుమే’ అనే మాట ఇంగ్లీషు స్పెల్లింగులో ‘ఇ’ అక్షరాల మీద కనిపించే వాలు గీతలు ఫ్రెంచి నుంచి వచ్చాయి. అవి రాయకపోయినా తప్పు కాదు, కానీ రికమెండ్ చేయమని అడిగేటప్పుడు ‘రెజుమే’ అనండి. ‘రిజ్యూమ్’ అంటే ఆగిన పని మళ్లీ మొదలుపెట్టడం. పాస్‌పోర్టు అడుగున మెషీన్ చదివే వరసల్లో అయితే ఏ గుర్తులూ ఉండవు. మీ పేరును అన్ని ఫారాల్లో పాస్‌పోర్టులో ఉన్నట్టే రాయండి. దీర్ఘం కోసం ఒకచోట అదనంగా ‘ఎ’ చేర్చి, ఇంకోచోట వదిలేయకండి.

ఊరి పేరు అడిగితే నిదానంగా చెప్పండి. దేవరకొండలో ‘దే’ సాగుతుంది, ‘కొ’ సాగదు. ఇంగ్లీషు స్పెల్లింగులో ఆ రెండూ తెలియవు, మన నోటి నుంచే వాళ్లకు తెలియాలి. మా ఆఫీసులో ఒకామె మూడుసార్లు అడిగి, రాసుకుని, మర్నాడు పొద్దున కాఫీ దగ్గర దేవరకొండ అని మన బస్సు కండక్టర్ పిలిచినట్టే పిలిచింది.