హుస్సేన్ సాగర్‌లో సెయిలింగ్ పోటీ పెట్టే ముందు

ముందు గాలి చూడండి. ఊరి మధ్య చెరువు, చుట్టూ భవనాలు, జులైలో గాలి బాగానే ఉన్నా దిక్కు మారుతూనే ఉంటుంది, అందుకే కాసేపు గమనించి రాసుకోకుండా మొదటి మార్క్ (బోట్లు చుట్టి రావాల్సిన తేలే గుర్తు) వేయొద్దు.

రెస్క్యూ బోట్లు దిగాకే పిల్లల బోట్లు దిగాలి. ఇంజిన్ ఒడ్డునే స్టార్ట్ చేసి చూడండి. లైఫ్ జాకెట్ బకిళ్లు మీ చేత్తో లాగి చూడండి, పెట్టుకున్నాం అన్న మాట నమ్మొద్దు. వెళ్లినవి ఎన్ని, తిరిగొచ్చినవి ఎన్ని అని రాసే మనిషికి ఇంకే పనీ చెప్పకండి, నా దృష్టిలో అన్నిటికన్నా ముఖ్యమైన పని అదే.

స్టార్ట్‌కి 5 నిమిషాల ముందు క్లాస్ జెండా (రేసులో ఉన్న రకం బోట్లకి గుర్తు) ఎక్కాలి, 4 నిమిషాలు ఉండగా ప్రిపరేటరీ జెండా (సిద్ధం కమ్మని చెప్పేది), 1 నిమిషం ఉండగా అది దిగాలి (ఇక్కడ హారన్ పొడవుగా), క్లాస్ జెండా దిగితే రేసు మొదలు. హారన్ మోగకపోయినా టెన్షన్ పడొద్దు, రూల్ ప్రకారం లెక్క జెండాదే. కాబట్టి తాడు ఇరుక్కోకుండా ముందే రెండుసార్లు లాగి చూసుకోండి.

స్టార్ట్ లైన్ ముందే దాటినవాళ్లుంటే ఎక్స్ జెండా (ఎక్స్ అక్షరానికి వాడే సిగ్నల్ జెండా), ఒక హారన్.

ఉరుము వినిపిస్తే ఆలోచించొద్దు. ఎన్ జెండా, దాని కింద హెచ్, మూడు హారన్లు, అందరూ ఒడ్డుకి.