అది మార్చేస్తే కళాఖండం పోతుందా? గ్యాలరీకి వెళ్లేవాళ్లకు ఒక చిట్కా

ప్రదర్శనలకు బొమ్మలు తగిలించే పని నాది. పెట్టెలు విప్పడం, గోడకు ఎక్కించడం, అంతా అయ్యాక మళ్లీ సర్ది పంపడం. కేటలాగుల్లోని వ్యాసాలు నాకూ సగం తలకెక్కవు. కానీ ఏ వస్తువు వచ్చినా మేం ముందే అడిగి తెలుసుకునేది ఒకటుంది: ఇది పాడైతే వేరేది పెట్టొచ్చా? ఆధునిక కళలో వినిపించే కాన్సెప్చువల్, ఇన్‌స్టలేషన్, పెర్ఫార్మెన్స్ లాంటి పేర్లు చాలావరకు ఈ ప్రశ్నతోనే విడిపోతాయి. మీరూ అక్కడే మొదలుపెట్టండి.

ముందుగా పక్కనున్న చీటీలో కళాకారుడి పేరు, సంవత్సరం దాటి, దేనితో చేశారన్న వరుస చదవండి. కాన్వాసుపై తైలవర్ణం అని ఉంటే మీకు అలవాటైన దారే. "కొలతలు మారుతుంటాయి" అని ఉంటే మాత్రం కాస్త ఆగండి. ఏ గదికి తగ్గట్టు ఆ గదిలో పేరుస్తారని దానర్థం. ఎక్కువసార్లు అది ఇన్‌స్టలేషనే అయి ఉంటుంది.

ఇప్పుడు ప్రశ్న వేయండి. మార్సెల్ డ్యూషాంప్ 1917లో పింగాణీ మూత్రపాత్ర ఒకటి తెచ్చి, 'ఆర్. మట్' అని సంతకం చేసి ప్రదర్శనకు పంపాడు. రెడీమేడ్ అంటే ఇదే: చేయడం కాదు, ఎంచుకోవడం. ఆ అసలు పాత్ర ఎప్పుడో పోయింది. ఇప్పుడు మ్యూజియంలలో చూసేవి ఆయన అనుమతితో తర్వాత చేయించినవి, ఎక్కువగా 1964 నాటివి. వస్తువు పోయినా కళాఖండంగా దాని పేరు చెక్కుచెదరలేదు.

ఇంకో అడుగు వేస్తే కాన్సెప్చువల్ ఆర్ట్, అంటే వస్తువు కన్నా ఆలోచనే ముఖ్యమైన కళ. జోసెఫ్ కొసూత్ 1965లో ఒక కుర్చీ, దాని ఫొటో, నిఘంటువులో కుర్చీకి ఇచ్చిన అర్థం పక్కపక్కన పెట్టాడు. ఆ కుర్చీ ఫలానాదే అయ్యుండాలని లేదు. సోల్ లెవిట్ గోడచిత్రాలైతే కాగితం మీది సూచనలే. గీసేది వేరేవాళ్లు. అలాంటిదే ఒకసారి మాకూ పెట్టెలో కాకుండా కవర్లో వచ్చింది. ఏ పెన్సిల్, గీతకూ గీతకూ ఎంత ఎడం, ఎటువైపు వంపు, అన్నీ రాసి ఉన్నాయి. స్కేలు పట్టుకుని భుజాలు పడిపోయేదాకా గీశాం. ప్రదర్శన ముగిశాక మేమే రోలర్‌తో తెల్లరంగు కొట్టేశాం. కళాఖండానికి ఏమీ కాలేదు, కవర్లో పదిలంగా ఉంది.

దీనికి పూర్తిగా ఎదురు, సైట్-స్పెసిఫిక్, అంటే ఒక్క స్థలం కోసమే చేసింది. రిచర్డ్ సెర్రా 1981లో న్యూయార్క్‌లోని ఒక ప్రభుత్వ భవనం ముందు 120 అడుగుల పొడవు, 12 అడుగుల ఎత్తున్న వంపు ఉక్కుగోడ నిలబెట్టాడు. నడవడానికి అడ్డమని గొడవలయ్యాయి. వేరేచోట పెట్టుకోమంటే, ఆ స్థలం కోసం చేసింది ఇంకెక్కడా బతకదని ఆయన వాదించాడు. 1989లో తీసేశారు. ఉక్కు మిగిలింది, అంతే.

మినిమలిజం, అంటే సాదా ఆకారాలతోనే సరిపెట్టే కళ, దగ్గర నా ప్రశ్న తడబడుతుంది. కార్ల్ ఆండ్రే 120 ఇటుకల్ని నేల మీద రెండు వరసల ఎత్తున పేర్చాడు. లండన్‌లోని టేట్ గ్యాలరీ దాన్ని కొన్న సంగతి 1976లో పత్రికలకెక్కి నవ్వులపాలైంది. ఇలాంటివాటి ముందు అర్థం కోసం తల బద్దలు కొట్టుకోవద్దు. చుట్టూ ఒకసారి నడవండి. మోకాలికన్నా కిందున్న వస్తువు మీ నడకని ఎటు మళ్లించిందో గమనించండి. చూడాల్సింది అదే. రోజువారీ సరుకుల్నే బొమ్మలుగా చేసే పాప్ ఆర్ట్‌కి కూడా ఈ ప్రశ్న పెద్దగా అక్కరకు రాదు. ఆండీ వార్హోల్ 1962లో వేసిన 32 సూప్ డబ్బాలు అచ్చు దుకాణం సరుకులా ఉన్నా, అవి కాన్వాసులే.

పెర్ఫార్మెన్స్, అంటే కళాకారులు జనం ముందు స్వయంగా చేసి చూపేది. దాని విషయంలో మీరు చూస్తున్నది అసలుదా, దాని ఆనవాలా అని అడగండి. మరీనా అబ్రమోవిచ్ 1974లో నేపుల్స్‌లో బల్ల మీద 72 వస్తువులు పెట్టి, చూడొచ్చినవాళ్లు వాటితో తనను ఏమైనా చేయొచ్చని ఆరు గంటలు కదలకుండా నిలబడింది. వాటిలో తుపాకీ కూడా ఉంది. ఇప్పుడు మనకు దొరికేవి ఫొటోలు, వస్తువులు. ఆ ఆరు గంటలు కావు.

నాకు అన్నిటికన్నా ఇష్టమైంది ఫెలిక్స్ గొంజాలెజ్-టోరెస్ 1991లో చేసిన చాక్లెట్ల కుప్ప. రంగు కాగితాల్లో చుట్టిన మిఠాయిలు, ఆయన అనుకున్న బరువు 175 పౌండ్లు, అంటే దాదాపు 79 కిలోలు. అదే ఏడాది ఎయిడ్స్‌తో చనిపోయిన ఆయన సహచరుడు రాస్ గురించి చేసింది. వచ్చినవాళ్లు ఒక్కొక్కటి తీసుకుంటుంటే కుప్ప తరుగుతుంది. తర్వాత మళ్లీ నింపొచ్చు. ఇక్కడ ఏ ముక్కనైనా మార్చొచ్చు, తరగడాన్ని మాత్రం మార్చలేం. ఇలాంటిది కనిపించి, తీసుకోవచ్చని ఉంటే తీసుకోండి. దూరం నుంచి చూసి వెళ్లిపోతే సగమే చూసినట్టు.

చీటీలో ఏమీ తేలకపోతే గది మూల కూర్చున్న కాపలా మనిషిని అడగండి. వేటిని రోజూ నింపుతారో, వేటి దుమ్ము దులపకూడదో, జనం దేనికి తట్టుకుని పడబోతారో చాలాసార్లు వాళ్లకే బాగా తెలుసు.