పెళ్లిరోజు క్రిస్మస్ వారంలో పడితే అరకు ఇలా వెళ్లండి

మా పెళ్లి డిసెంబరు 28న అయింది. క్రైస్తవ ఇళ్లలో ఇది మామూలే. పిల్లలకు సెలవులు, దూరాన ఉన్న చుట్టాలు అప్పటికే ఊళ్లో దిగి ఉంటారు, క్రిస్మస్‌కి కట్టిన లైట్లే పెళ్లికీ పనికొస్తాయి. పెళ్లికి కలిసొచ్చిన ఆ వారం పెళ్లిరోజుకు మాత్రం కలిసిరాదు. కారున్న ప్రతివాళ్లూ అప్పుడు అరకులోనే ఉన్నట్టుంటుంది. అయినా మేం విజయవాడ నుంచి అక్కడికే వెళ్తాం. ఆ రద్దీలోనూ ఇద్దరికీ కాస్త తీరిక దొరకాలంటే ముందే తేల్చుకోవాల్సినవి కొన్ని ఉన్నాయి.

మొదటిది, అరకూ లంబసింగీ ఒకే ట్రిప్‌లో పెట్టుకోకండి. మ్యాపులో పక్కపక్కనే కనిపిస్తాయి గానీ మధ్యలో దాదాపు 90 కిలోమీటర్ల కొండదారి. రెండూ చుట్టేద్దామనుకుంటే పెళ్లిరోజు కాస్తా కారులోనే గడిచిపోతుంది. గడ్డకట్టే చలే కావాలంటే లంబసింగి, రైలూ కాఫీతోటలూ తీరుబడీ కావాలంటే అరకు. నా ఓటు అరకుకే. ఉండేది రెండు రాత్రులైనా ఉండాలి. పొద్దున్నే తీసుకెళ్లి రాత్రికి దించేసే ప్యాకేజీలు నలుగురైదుగురు పిల్లలతో వెళ్లేవాళ్లకు సరే, మీకొద్దు.

మా లెక్క ఇలా ఉంటుంది. 25న చర్చి, అత్తగారింట్లో భోజనం. 26 రాత్రి వైజాగ్ బండి ఎక్కుతాం. 27 పొద్దున వైజాగ్‌లో అరకు మీదుగా వెళ్లే కిరండూల్ రైలు. ఇది ఏడు లోపే బయల్దేరుతుంది కాబట్టి వైజాగ్‌లో ఆరింటికల్లా దిగే బండే చూసుకోండి, వెళ్లేముందు టైమ్ మరోసారి సరిచూసుకోండి. అద్దాల పైకప్పు ఉండే విస్టాడోమ్ బోగీకి గిరాకీ ఎక్కువ. రిజర్వేషన్ 60 రోజుల ముందు తెరుస్తారు, అంటే డిసెంబరు 27 టికెట్‌కి అక్టోబరు 28 పొద్దున ఎనిమిదింటికి ఫోన్ పట్టుకుని కూర్చోవాలి. దొరక్కపోతే దిగులు పడకండి. మామూలు బోగీలో కిటికీ తెరుచుకుంటుంది, చలిగాలి ముఖానికి కొడుతుంది, సొరంగం వచ్చినప్పుడల్లా బోగీ బోగీ అంతా కేకలు పెడుతుంది. ఆ లైన్‌లో సొరంగాలే యాభైకి పైగా ఉన్నాయి. ఛత్తీస్‌గఢ్‌లోని బైలదిల్లా ఇనుప ఖనిజాన్ని వైజాగ్ పోర్టుకు దించడానికి వేసిన దారి అది. ఇప్పటికీ గూడ్స్ బండ్లదే రాజ్యం, మన బండి ఆగి దారివ్వాల్సి వస్తుంది. టిఫిన్ కట్టుకెళ్లండి.

గది కూడా రెండు నెలల ముందే. టూరిజం వాళ్ల హరిత రిసార్టులు అరకులోనూ, వైజాగ్ వెళ్లే దారిలో అనంతగిరిలోనూ ఉన్నాయి. ఇద్దరే ఉండటానికి అనంతగిరి నయం, చుట్టూ కాఫీతోటలు, సందడి తక్కువ. కాకపోతే రాత్రి ఏడు దాటాక చేయడానికేమీ ఉండదు. ఎక్కడ బుక్ చేసినా ఫోన్ చేసి రెండే అడగండి: వేడినీళ్లు ఏ టైమ్‌లో వస్తాయి, అదనంగా రగ్గులు ఇస్తారా. డిసెంబరు రాత్రుళ్లు పది డిగ్రీల కిందికి పడిపోతుంది, గదిలో హీటర్ ఉంటుందని ఆశపడకండి. ఇద్దరి ఆధార్ కార్డులూ మర్చిపోవద్దు. భార్యకు చెప్పకుండా సర్‌ప్రైజ్ ట్రిప్ వేసే మగవాళ్లకో మాట: స్వెట్టర్ లేకుండా పట్టుచీరతో అరకులో దిగిన మనిషికి ఆ సర్‌ప్రైజ్ అస్సలు నచ్చదు. చెప్పేసి తీసుకెళ్లండి.

ఇక 28 పొద్దున. ఏ ప్లానూ పెట్టుకోకండి. ఎనిమిది దాటేదాకా పొగమంచు ఎలాగూ కదలదు. కాఫీ తాగి పొలాలవైపు నడిచి వెళ్లండి. వలిసె పూలు నవంబరు నుంచి పూస్తాయి, క్రిస్మస్ నాటికి కొన్ని మడులు ఎండిపోయి గింజకు వచ్చేసి ఉంటాయి, ఇంకా పసుపుగా ఉన్నవి వెతుక్కోవాలి. ఫొటో దిగుతామంటే రైతు పదో ఇరవయ్యో అడుగుతాడు. బేరమాడకండి. అది నూనెగింజల పంట, మనం తొక్కిన ప్రతి మొక్కా ఆయనకు నష్టమే. గట్టు మీంచే ఫొటో బాగా వస్తుంది కూడా. ఊళ్లలో క్రైస్తవ గిరిజన కుటుంబాల గుమ్మాలకు కాగితం స్టార్లు ఇంకా వేలాడుతుంటాయి. పలకరిస్తే పలుకుతారు.

కాఫీతోటల్లో అప్పుడు కోత కాలం. సిల్వర్ ఓక్ చెట్ల నీడన కాఫీ మొక్కలు, అవే చెట్లకు పాకించిన మిరియం తీగలు. ఎర్రగా పండిన కాయను నొక్కితే జిగురు పట్టిన రెండు గింజలు బయటికి జారతాయి. నోట్లో వేసుకుంటే తియ్యగా ఉంటుంది, కాఫీ వాసనే రాదు. అడక్కుండా మాత్రం కోయకండి. అరకు అరబికా కాఫీకి 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఇంటికి పొడి కొనేటప్పుడు చికోరీ కలిపారా అని అడిగి కొనండి.

మధ్యాహ్నం బొంగులో చికెన్. ముందే కాల్చి పెట్టినదాన్ని వేడి చేసి ఇస్తే వద్దనండి. పచ్చి వెదురు బొంగులో కారం పట్టించిన ముక్కలు కూరి, మూతికి ఆకులు కుక్కి, నిప్పుల మీద తిప్పుతూ కాలుస్తారు. నూనె చుక్క వేయరు. అరగంట పైనే పడుతుంది, ఆకలి నకనకలాడకముందే ఆర్డర్ చెప్పండి. కేక్ కోయాలనుంటే విజయవాడ నుంచే ప్లమ్ కేక్ తెచ్చుకోండి. క్రీమ్ కేక్ ఆ ప్రయాణానికి తట్టుకోదు.

29న రోడ్డు దారిన దిగండి. టాక్సీ మాట్లాడుకుంటే గాలికొండ వ్యూపాయింట్, అనంతగిరి, బొర్రా గుహలు చూసుకుంటూ దిగొచ్చు. బొర్రాలో మెట్లు చాలా, పైనుంచి నీటి చుక్కలు పడి జారుతుంటాయి, హీల్స్ వద్దు. బయట కోతులుంటాయి, చేతిలో తినేవేవీ పట్టుకోకండి. మలుపులకు కడుపులో తిప్పేవాళ్లు వాంతుల మాత్ర అరగంట ముందే వేసుకోవాలి. దారిలో సిగ్నల్ వస్తూ పోతూ ఉంటుంది, ఫోన్‌పేని నమ్ముకోకుండా చిల్లర నోట్లు దగ్గర పెట్టుకోండి. చీకటి పడేలోగా కొండ దిగి ఎస్.కోట (శృంగవరపుకోట) దాటేయాలని డ్రైవర్‌తో పొద్దున్నే చెప్పండి. వైజాగ్ నుంచి తిరుగు రైలు రాత్రి పది దాటాక ఉన్నదే తీసుకుంటే బీచ్‌రోడ్డులో కూర్చుని తినడానికి టైమ్ మిగులుతుంది.