పక్షవాతం తర్వాత మాట కోల్పోయినవారితో ఇంట్లో మాట్లాడే పద్ధతి

మెదడు ఎడమభాగానికి రక్తం అందక వచ్చే పక్షవాతంలో కుడి చేయి, కాలు చచ్చుబడటంతోపాటు మాట కూడా దెబ్బతినవచ్చు. ఇలా మాట దెబ్బతినడాన్నే వైద్యులు అఫేసియా అంటారు. దెబ్బతినేది భాషే గాని తెలివి కాదు కాబట్టి, మాట కోల్పోయిన పెద్దాయన ఎదుటే ఆయన గురించి ఇతరులతో చర్చించడం, చెవిటివారికి చెప్పినట్లు అరవడం ఆయనను ఎంతో నొప్పిస్తాయి.

టీవీ ఆపి, ఎదురుగా కూర్చుని, ఒక్కో వాక్యంలో ఒక్క విషయమే చెప్పాలి. "ఏం తింటారు?" అనే బదులు ఇడ్లీ, ఉప్మా రెండూ చూపించి అడిగితే వేలితో చూపగలుగుతారు. జవాబు కోసం ఆగాలి. ఆయన సాయం కోరేవరకు మాట అందించకపోవడమే మేలు. అవును, కాదు అనేవి తారుమారు కావడం అఫేసియాలో తరచుగా జరిగేదే కనుక, మందులు, నొప్పి, డబ్బు వంటి విషయాలలో తల ఊపినంతమాత్రాన నమ్మేయకుండా, ప్రశ్నను తిప్పి అడిగి, బొమ్మో వస్తువో చూపించి నిర్ధారించుకోవాలి.

సొంతంగా వాక్యం చెప్పలేనివారు కూడా కొన్నిసార్లు అంకెలు, వారాల పేర్లు, చిన్ననాటి పద్యాలు, భజన పాటలు వరుసగా చెప్పగలుగుతారు. రోజూ కలిసి పాడండి, ఆ సంతోషం కూడా అవసరమే. అయితే దానితో సరిపెట్టుకోకుండా స్పీచ్ థెరపిస్టు ఇచ్చిన అభ్యాసాలను ఇంటి భాషలోనే చేయించండి. ఏళ్లు గడిచాక కూడా మెరుగుదల రావచ్చు.

బయటికి వెళ్లేటప్పుడు పేరు, ఇబ్బంది, ఇంటివారి నంబరు రాసిన కార్డు జేబులో ఉంచాలి. ఉన్నట్టుండి మాట మరింత పడిపోయినా, మూతి వంకరపోయినా వెంటనే 108కి ఫోన్ చేయాలి. రక్తపు గడ్డను కరిగించే ఇంజెక్షన్‌ను సాధారణంగా లక్షణాలు మొదలైన నాలుగున్నర గంటలలోపే ఇస్తారు.