హాలోవీన్‌కు దూరంగా ఉండే ఇంట్లో పిల్లలకు ఆ మాట ఎలా చెప్పాలి

అమెరికాలో హాలోవీన్ నాడు, అంటే అక్టోబరు 31 సాయంత్రం, వీధిలోని పిల్లలు వేషాలు వేసుకుని ఇంటింటికీ తిరిగి మిఠాయిలు అడుగుతారు. మతనిష్ఠ వల్ల ఆ పండుగ వద్దనుకున్న తల్లిదండ్రుల నిర్ణయాన్ని ఇక్కడ తప్పుపట్టడం లేదు. ఆ నిర్ణయం పిల్లల మనసును గాయపరచకుండా ఎలా అమలు చేయాలన్నదే విషయం.

అన్నిటికంటే ముఖ్యంగా, సెప్టెంబరులోనే చెప్పండి. స్నేహితులతో కలిసి ఏ వేషం వేయాలో అనుకున్న తరువాత వద్దంటే, పిల్లలకు అది నియమంలా కాక శిక్షలా తోస్తుంది. కారణం కూడా నిజాయితీగా చెప్పాలి. "వెళ్లేవాళ్లు చెడ్డవాళ్లు" అని ఇంట్లో అన్న మాట మర్నాడు బడిలో పక్క బల్ల మీది స్నేహితురాలి చెవిన పడుతుంది. నవంబరు 1న వచ్చే సకల పరిశుద్ధుల పండుగకు ముందు రాత్రి కాబట్టి హాలోవీన్ అనే పేరు వచ్చిందనీ, క్రైస్తవుల్లోనే దీనిపై ఏకాభిప్రాయం లేదనీ వివరించవచ్చు: యెహోవాసాక్షులు పూర్తిగా దూరంగా ఉంటారు, కొన్ని చర్చిలు అదే రోజు పంటల పండుగ పెట్టుకుంటాయి, లూథరన్లు 1517లో చర్చి సంస్కరణ కోరుతూ మార్టిన్ లూథర్ ప్రకటించిన వాదాలను తలచుకుని సంస్కరణ దినం జరుపుకుంటారు. చాలా ముస్లిం కుటుంబాలూ పాల్గొనవు. తాము ఒంటరివాళ్లం కామని తెలిస్తే పిల్లలకు సగం బరువు దిగుతుంది.

ఇక బడి సంగతి. తరగతిలో వేడుక ఏ రోజు, ఏ గంటకు, అందులో ఏమేం చేయిస్తారన్నది రెండు వారాల ముందే ఉపాధ్యాయురాలిని అడిగి, ఆ సమయంలో పిల్లలకు గ్రంథాలయంలో పుస్తకాలు సర్దడం వంటి నిజమైన పని ఇప్పించమని కోరండి. వరండాలో ఒంటరిగా కూర్చోబెట్టడానికి మాత్రం ఒప్పుకోకండి, ఎందుకంటే లోపలి నవ్వులు వింటూ కూర్చున్న ఆ అరగంట వాళ్లకు ఏళ్ల తరబడి గుర్తుంటుంది. అడగడానికి మొహమాటం అక్కర్లేదు. జెండా వందనానికి నిరాకరించిన యెహోవాసాక్షుల పిల్లలను ప్రభుత్వ బడి బలవంతపెట్టకూడదని 1943లోనే అమెరికా సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. అది హాలోవీన్ గురించిన తీర్పు కాకపోయినా, విశ్వాసాన్ని గౌరవించమని అడగడం ఆ దేశంలో కొత్త కాదు.

ఇంత చేసినా, ఆరేళ్ల పాప సంచిలోంచి నలిగిన కాగితపు గుమ్మడికాయ తీసి "ఇది ఉంచుకోవచ్చా?" అని అడగవచ్చు. వెంటనే చెత్తబుట్టలో వేయకండి. పక్కన కూర్చోబెట్టుకుని, అది ఎలా చేసిందో పూర్తిగా విన్నాకే మీ జవాబు చెప్పండి. మిఠాయిలు తెచ్చినా అంతే.

ఆ సాయంత్రం గుమ్మం ముందు దీపం ఆర్పేస్తే సాధారణంగా పిల్లలు తలుపు తట్టరు. లోపల మాత్రం మీ పిల్లలు తామే ఎంచుకున్న ఆట, తామే కోరిన వంట ఉండాలి. ఆ రాత్రి ప్రవచనం వద్దు. పన్నెండు, పదమూడేళ్ల వాళ్లు ఎదురు వాదిస్తే కోప్పడకుండా చివరిదాకా వినండి, మరుసటి ఏడాది ఈ మాట మళ్లీ మాట్లాడుకుందామని చెప్పి, సెప్టెంబరు రాగానే మీరే ఆ మాట ఎత్తండి.