సిరిమానుకి ముందు కారులో వూఫర్ పెట్టించేవాళ్లకి

దసరా వెళ్లిన మంగళవారం పైడితల్లి అమ్మవారి సిరిమాను పండగ కదా, విజయనగరంలో ఈ నెలంతా డిక్కీల్లో వూఫర్లు బిగించుకునే సీజనే. మొన్న రాత్రి మా వీధి చివర చిన్న కారులో కుర్రగుంటలు పాటలు పెట్టుకుని కూర్చున్నారు, ఉన్నట్టుండి డ్రైవరు కాళ్ల దగ్గర నుంచి పొగ. బేగి దిగిపోయారు కాబట్టి సరిపోయింది, కార్పెట్టూ డాష్‌బోర్డు కింద వైర్లూ కరిగి ముద్దయిపోయాయి. టార్చి వేసి చూస్తే బ్యాటరీ నుంచి డిక్కీ దాకా వేలు లావు ఎర్ర వైరు ఉంది గానీ దారిలో ఎక్కడా ఫ్యూజు లేదు. డిక్కీలో వూఫర్‌ని నడిపే ఆంప్ (ఆంప్లిఫైయర్) మీదున్న రెండు 30 ఆంపియర్ల ఫ్యూజులూ మాత్రం నిక్షేపంగా ఉన్నాయి.

నేను చూసిన కాలిన కార్లన్నింటిలో ఇదే తప్పు. "ఆంప్‌కి ఫ్యూజు ఉంది కదన్నా" అంటారు. బాబూ, అది ఆంప్‌ని కాపాడుతుంది, మరి బ్యాటరీ నుంచి అక్కడి దాకా వచ్చే నాలుగైదు మీటర్ల వైరు సంగతేటి? కారు బాడీ అంతా నెగెటివే, ఆ వైరు రేకు అంచుకి రాసుకుని తొక్క ఊడిందంటే బ్యాటరీలో ఉన్నదంతా అక్కడే దిగిపోతుంది, వందల ఆంపియర్లు, వైరు హీటర్ కాయిల్ అయిపోతుంది. అందుకని బ్యాటరీ ప్లస్ నుంచి రెండు జానల్లోపే, అంటే 18 అంగుళాల్లోపే, మెయిన్ ఫ్యూజు పడాలి. డిక్కీలో పెడితే పెట్టనట్టే.

ఫ్యూజు సైజు వైరుని బట్టి, పాట సౌండుని బట్టి కాదు. గేజ్ అంటే వైరు లావు కొలత, అంకె తగ్గేకొద్దీ వైరు లావు. 4 గేజ్ అసలు రాగికి 100 ఆంపియర్లు, 8 గేజ్‌కి 50 చాలు. సంతలో దొరికే చవక వైరు చాలామటుకు లోపల అల్యూమినియం, పైన రాగి పూత. పోగుని బ్లేడుతో గీకండి, తెల్లగా కనిపిస్తే అదే. దానికి అంత లోడు ఇవ్వకూడదు.

ఇంక కరెంటు లెక్క. పెట్టె మీద 3000 వాట్స్ అని ఉంటుంది, నమ్మకండి. ఆంప్ మీది ఫ్యూజులు కూడండి, రెండు 30లంటే 60, దాన్ని 14 వోల్టులతో గుణిస్తే 840 వాట్లు, అది లోపలికి వెళ్లేది. బయటికొచ్చేది ఇంకా తక్కువ. ఇంజిన్ ఆన్‌లో ఉన్నప్పుడు బ్యాటరీ దగ్గర 13.8 నుంచి 14.4 దాకా చూపించాలి. బేస్ కొట్టినప్పుడల్లా హెడ్‌లైట్లు మినుకుమంటున్నాయంటే ఆల్టర్నేటర్ (ఇంజిన్‌తో తిరిగి కరెంటు పుట్టించేది) చాలట్లేదనో, వైర్లు సన్నవనో. కెపాసిటర్ పెడితే సరిపోద్దని అమ్ముతారు, అది కాస్త కరెంటు దాచి ఇస్తుందే గానీ పుట్టించదు. ముందు ఆల్టర్నేటర్ నుంచి బ్యాటరీకి, బ్యాటరీ నెగెటివ్ నుంచి బాడీకి, ఇంజిన్ నుంచి బాడీకి, ఈ మూడు వైర్లూ లావువి వేయించండి. ఆల్టర్నేటర్ నుంచి కొత్తగా వేసే వైరుకి కూడా ఫ్యూజు కావాలి, మళ్లీ చెప్తున్నాను.

మిగతావి గబగబా చెప్పేస్తాను. పని మొదలెట్టేముందు నెగెటివ్ టెర్మినల్ తీయండి, చివర్న అదే పెట్టండి. వైరు రేకులోంచి దూరే చోట రబ్బరు గ్రోమెట్ (బెజ్జం అంచుకి వేసే రింగు) లేకుండా దూర్చనివ్వొద్దు, మొన్నటి కారులో తొక్క ఊడింది అక్కడే. ఎర్త్ బోల్టు (ఆంప్ నెగెటివ్ వైరుని బాడీకి బిగించేది) కింద పెయింటు గీకి మెరిసే ఇనుము కనపడాలి. సీటు బెల్టు బోల్టుకి ఎర్త్ ఇవ్వొద్దు. పసుపు కనెక్టర్లు ముట్టుకోవద్దు, అవి ఎయిర్‌బ్యాగువి. వెనక సీటు దగ్గర డ్రిల్లు పెట్టేముందు వంగి కింద చూడండి, చాలా కార్లలో పెట్రోల్ ట్యాంకు అక్కడే. కళింగపట్నం, భావనపాడు వైపు ఉప్పు గాలికి టెర్మినళ్లకి చిలుము పట్టేస్తుంది, నెలకోసారి తుడవండి. తుపాను నీళ్లలో కారు మునిగితే స్టార్ట్ చేయకండి, ముందు బ్యాటరీ తీయించండి. ఫ్యూజు పోతే పెద్దది వేయొద్దు. సిగరెట్ పెట్టెలో తగరం కాగితం చుట్టొద్దు. రాగి పోగు కట్టొద్దు. ఎందుకు పోయిందో చూడండి. పొగ వస్తే పాట ఆపి చూద్దామని కూర్చోకండి, దిగిపోండి, బానెట్ బార్లా తెరవకండి.

మొన్నటి కారు గుంటడు దాన్ని మళ్లీ వూఫర్ బిగించిన ఆ షాపుకే తీసుకెళ్తానంటున్నాడు. ఫ్యూజు నువ్వే కొనుక్కుని పట్టుకెళ్లు, బిగించేదాకా పక్కనే నిలబడు అన్నాను.